తెలుగు రాష్ట్రాలలో బాల్యవివాహాలు

చట్టం నిర్ణయించిన వయస్సు నిండక ముందే జరిపే వివాహాన్ని బాల్యవివాహం అంటారు. భారతదేశంలో ఈ వయస్సు స్త్రీకి 18 సంవత్సరాలు, పురుషునికి 21 సంవత్సరాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో బాల్యవివాహాలు గత శతాబ్దంలో గణనీయంగా తగ్గినా పూర్తిగా అంతరించలేదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్లు నిండక ముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

బాల్యవివాహాన్ని సాధారణంగా పాతకాలపు ఆచారానికి మిగిలిన అవశేషంగా భావిస్తారు. తెలుగు రాష్ట్రాల అనుభవం ఈ భావనను పూర్తిగా సమర్థించదు. ఇక్కడ ఆడపిల్లల చదువు పెరిగింది, కుటుంబాలు చిన్నవయ్యాయి, రోడ్లు, బస్సులు, సెల్‌ఫోన్లు మారుమూల పల్లెలకు చేరాయి. అయినా పదిహేను నుండి పంతొమ్మిదేళ్ల మధ్య పెళ్లిళ్లు కొనసాగుతూనే ఉన్నాయి. వీటికి పాత ఆచారంతో పాటు కట్నం, ఉన్నత చదువుకు కళాశాలల దూరం, వలస, ప్రేమ వివాహాల పట్ల భయం వంటి మారుతున్న సమాజం తెచ్చిన కారణాలు కూడా ఉన్నాయి.

నిర్వచనం

బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 ప్రకారం వధూవరులలో ఏ ఒక్కరికి నిర్ణీత వయస్సు నిండకపోయినా అది బాల్యవివాహమే. ఐక్యరాజ్య సమితి సంస్థలు స్త్రీ పురుషులిద్దరికీ 18 ఏళ్లను ప్రమాణంగా తీసుకుంటాయి. జనాభా అధ్యయనాలలో 20–24 ఏళ్ల స్త్రీలను ప్రశ్నించి, వారిలో 18 ఏళ్ల లోపు పెళ్లి జరిగినవారి శాతాన్ని లెక్కిస్తారు. అందువలన ఒక సర్వే చూపే అంకె ఆ సంవత్సరపు పెళ్లిళ్లది కాదు, అంతకు ముందరి కొన్ని సంవత్సరాలలో జరిగిన పెళ్లిళ్లది.

పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు జరిగే వివాహాలు చట్టబద్ధమైనవి. అయితే వాటి వెనుక ఉన్న కారణాలు చాలావరకు బాల్యవివాహాల కారణాలే కనుక సామాజిక శాస్త్రంలో రెండింటినీ కలిపి చిన్న వయసు వివాహాలుగా పరిశీలించడం కూడా ఉంది.

చరిత్ర

కన్యాశుల్కం కాలం

పంతొమ్మిదవ శతాబ్దంలో తెలుగు బ్రాహ్మణ కుటుంబాలలోను, వారి ఆచారాలను అనుసరించిన మరికొన్ని కులాలలోను ఆడపిల్లకు రజస్వల కాక ముందే పెళ్లి చేయడం తప్పనిసరి ధర్మంగా ఉండేది. పెళ్లి జరిగినా బాలిక పుట్టింట్లోనే పెరిగి, పెద్దమనిషి అయిన తరువాత కాపురానికి వెళ్లేది. భర్త ఈలోగా మరణిస్తే ఆమె జీవితాంతం వితంతువుగా ఉండవలసి వచ్చేది. కొన్ని కుటుంబాలలో వరుని నుండి సొమ్ము తీసుకొని పిల్లను ఇచ్చే కన్యాశుల్కం ఆచారం ఉండడం వలన పసిపిల్లలను వృద్ధులకు కట్టబెట్టడం కూడా జరిగేది.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన ఇటువంటి పెళ్లిళ్ల జాబితా తయారు చేయించాడు. అందులో 1,034 వివాహాలు నమోదయ్యాయి. వాటిలో 99 మంది వధువుల వయస్సు ఐదేళ్లు. ఏడాది వయస్సు గల వధువులు కూడా ముగ్గురు ఉన్నారు. ఈ వివరాలను గురజాడ అప్పారావు 1897లో ప్రచురించిన కన్యాశుల్కం నాటకపు పీఠికలో పేర్కొన్నాడు. ఆ నాటకం మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శించబడింది.

కందుకూరి వీరేశలింగం (1848–1919) తన వివేకవర్ధని పత్రిక ద్వారా బాల్యవివాహాలను, కన్యాశుల్కాన్ని ఖండించాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. వితంతు వివాహోద్యమానికీ బాల్యవివాహాలకూ దగ్గర సంబంధం ఉంది. ఆనాటి వితంతువులలో అనేకులు భర్త ముఖం కూడా సరిగా ఎరుగని బాలికలే.

1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్ల వయస్సులో వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె ఆ వివాహాన్ని కొనసాగించడానికి నిరాకరించి చదువు, స్వాతంత్ర్యోద్యమం వైపు వెళ్లింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. తరువాత రాజ్యాంగ సభ సభ్యురాలిగా పనిచేసింది.

శారదా చట్టం, యానాం పెళ్లిళ్లు

హర్‌బిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1 నుండి బ్రిటిష్ ఇండియాలో అమలులోకి వచ్చింది. ఇది శారదా చట్టంగా ప్రసిద్ధమైంది. దీని ప్రకారం బాలికకు 14 ఏళ్లు, బాలునికి 18 ఏళ్లు కనీస వయస్సు. చట్టం ఆమోదం పొందిన నాటికి, అమలులోకి వచ్చిన నాటికి మధ్య గల కొద్ది నెలలలో దేశమంతటా పెద్ద సంఖ్యలో హడావిడి పెళ్లిళ్లు జరిగాయి. 1931 జనాభా లెక్కలలో వివాహితులైన చిన్నపిల్లల సంఖ్య పెరగడానికి ఇదే ప్రధాన కారణం.

చట్టం వచ్చిన తరువాత గోదావరి ప్రాంతపు కుటుంబాలకు యానాం ఒక దారి చూపింది. యానాం అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉండేది కనుక శారదా చట్టం అక్కడ వర్తించేది కాదు. చుట్టుపక్కల జిల్లాల నుండి పిల్లలను తీసుకువెళ్లి అక్కడ పెళ్లిళ్లు జరిపించేవారు. ఈ కారణంగా ఆ పట్టణానికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది.

శారదా చట్టంలో శిక్షలు స్వల్పమైనవి. పైగా చట్టాన్ని ఉల్లంఘించి జరిగిన పెళ్లి కూడా చెల్లుబాటు అయ్యేది. 1949లో బాలికల కనీస వయస్సును 15 ఏళ్లకు, 1978లో 18 ఏళ్లకు పెంచారు. 1978 సవరణ పురుషుల కనీస వయస్సును 21గా నిర్ణయించింది.

కన్యాశుల్కం నుండి కట్నానికి

ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో ఇంగ్లీషు చదువు, ప్రభుత్వోద్యోగాలు గల వరులకు గిరాకీ పెరగడంతో డబ్బు చేతులు మారే దిశ తారుమారైంది. పిల్లకు వెల కట్టే కన్యాశుల్కం పోయి, వరునికి వెల కట్టే కట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు రచించిన వరవిక్రయం నాటకం ఈ మార్పుపైనే వచ్చింది. కట్నం క్రమంగా బ్రాహ్మణేతర కులాలకు, భూమి గల రైతు కుటుంబాలకు, చివరకు కూలి కుటుంబాలకు కూడా విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది. 1961లో కేంద్ర చట్టం వచ్చినప్పుడు అది రద్దయింది.

రజస్వలకు ముందు పెళ్లి అనే నియమం ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. నేటి బాల్యవివాహాలలో అధిక భాగం 15–17 ఏళ్ల బాలికలవి. పూర్వపు బాల్యవివాహంలో పెళ్లికీ కాపురానికీ మధ్య కొన్నేళ్ల ఎడం ఉండేది. నేటి వివాహంలో ఆ ఎడం లేదు. పెళ్లి జరిగిన కొద్ది రోజులకే కాపురం, ఏడాది రెండేళ్లలో మొదటి కాన్పు సర్వసాధారణం.

గణాంకాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 ఏళ్ల లోపు వివాహమైనవారి శాతం ఈ విధంగా ఉంది.

* 2005–06: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55, భారతదేశంలో దాదాపు 47
* 2015–16: ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 33, తెలంగాణలో దాదాపు 26, భారతదేశంలో దాదాపు 27
* 2019–21: ఆంధ్రప్రదేశ్‌లో 29.3, తెలంగాణలో 23.5, భారతదేశంలో 23.3

మొదటి రెండు సర్వేల మధ్య పదేళ్లలో తగ్గుదల చాలా వేగంగా ఉంది. ఆ తరువాత అది మందగించింది. 2019–21లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాంతాలలో ఈ శాతం దాదాపు 33 కాగా పట్టణాలలో దాదాపు 22. అదే సర్వేలో పశ్చిమ బెంగాల్‌లో 41.6 శాతం, కేరళలో 6.3 శాతం నమోదైంది.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర సగటును మించిన ప్రాంతాలలో మెట్ట భూములు అధికంగా గల ప్రకాశం, కర్నూలు జిల్లాలతో పాటు (పాత సరిహద్దుల ప్రకారం) వాణిజ్య పంటలకు పేరు పొందిన గుంటూరు జిల్లా కూడా ఉంది. కనుక వెనుకబాటుతనం ఒక్కటే దీనిని వివరించజాలదు.

కారణాలు

పదవ తరగతి తరువాత ఆగిపోయే చదువు

తెలుగు రాష్ట్రాలలో దాదాపు ప్రతి బాలికా బడిలో చేరుతున్నది. ప్రాథమిక పాఠశాల ఊళ్లోనే ఉంటుంది, ఉన్నత పాఠశాల పక్క ఊరిలోనో మండల కేంద్రంలోనో ఉంటుంది. ఇంటర్మీడియట్‌కు మాత్రం చాలా గ్రామాల బాలికలు మండల కేంద్రానికో, పట్టణానికో బస్సులోగాని ఆటోలోగాని వెళ్లవలసి వస్తుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాల లేని చోట ప్రైవేటు కళాశాల ఫీజు, హాస్టలు ఖర్చు అదనం. పదవ తరగతి తప్పిన బాలికకైతే మళ్లీ పరీక్షకు కట్టించడమా, పెళ్లి చేయడమా అన్న ప్రశ్న ఇంట్లో వెంటనే తలెత్తుతుంది.

అందువలన పదిహేను, పదహారేళ్ల వయస్సు ఒక కూడలిగా మారింది. బడి ఉన్నంత కాలం బాలికకు ఇంటి బయట ఒక గౌరవప్రదమైన స్థానం ఉంటుంది. చదువు ఆగిపోయిన పిల్ల "ఇంట్లో ఖాళీగా ఉన్న" పిల్లగా పరిగణించబడుతుంది. అప్పటి నుండి బంధువులు, ఇరుగుపొరుగువారు సంబంధాల ప్రస్తావన తెస్తారు. ఎక్కువ సందర్భాలలో చదువు ఆగిపోవడం వలన పెళ్లి జరుగుతుంది. పెళ్లి కోసం చదువు మాన్పించడం కూడా లేకపోలేదు. పన్నెండేళ్లు, అంతకు మించి చదివిన స్త్రీలలో బాల్యవివాహాల శాతం బడికి వెళ్లనివారితో పోలిస్తే చాలా తక్కువగా ఉన్నట్లు అన్ని సర్వేలూ చూపుతున్నాయి.

కట్నం లెక్క

పిల్ల కంటే వరుడు ఎక్కువ చదివి ఉండాలనేది సాధారణ అంచనా. పిల్ల డిగ్రీ చదివితే అంతకు మించి చదివిన వరుడు, అతనికి తగిన కట్నం కావాలి. పదవ తరగతితో పెళ్లి చేస్తే తక్కువ కట్నానికి సంబంధం కుదురుతుంది. చదువు తప్పనిసరిగా ఉద్యోగానికి దారి తీస్తుందన్న నమ్మకం లేని కుటుంబానికి చదువు ఖర్చు, పెరిగిన కట్నం రెండూ భారాలుగానే కనిపిస్తాయి. ఆడపిల్లల చదువు పెరగడం పెళ్లి వయస్సును పెంచినట్లే, కట్నం ఉన్న చోట పేద కుటుంబాలను తొందరపెట్టడానికి కూడా కారణమైంది.

కట్నంతో పాటు బంగారం, లాంఛనాలు, భోజనాల ఖర్చు ఉంటాయి. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో అక్కకు పెళ్లి చేసే పందిట్లోనే చెల్లెలికి కూడా చేస్తే ఒకే ఖర్చుతో పోతుందని భావించడం ఉంది. అప్పుడు అక్కకు 18 ఏళ్లు నిండినా చెల్లెలిది బాల్యవివాహం అవుతుంది. 2020–21లో కరోనా కారణంగా బడులు మూతపడి, పెళ్లిళ్లకు హాజరయ్యేవారి సంఖ్యపై పరిమితులు విధించినప్పుడు తక్కువ ఖర్చుతో పెళ్లి ముగించే వెసులుబాటు కూడా ఇటువంటి నిర్ణయాలకు ఊతమిచ్చింది.

పరువు, భద్రత, సెల్‌ఫోను

ఆడపిల్ల నడవడికతో కుటుంబ పరువును ముడిపెట్టడం పాతదే. మారినది పరిస్థితి. కళాశాల, బస్సు ప్రయాణం, సెల్‌ఫోను వలన యువతీయువకులు పరిచయమయ్యే అవకాశాలు పెరిగాయి. కులాంతర ప్రేమ పట్ల భయం ఉన్న కుటుంబాలలో ఒక ఫోను సంభాషణ బయటపడినా, ఊళ్లో మరో అమ్మాయి ఇల్లు విడిచి వెళ్లిపోయినా తమ పిల్లకు హడావిడిగా సంబంధం చూస్తారు. వేధింపులకు గురైన బాలిక ఆ సంగతి ఇంట్లో చెబితే చదువు మాన్పించి పెళ్లి చేస్తారన్న భయంతో చెప్పకుండా దాచుకోవడం కూడా జరుగుతుంది. ఈ విధంగా బాలికకు కొత్త స్వేచ్ఛను ఇచ్చిన సాధనాలే ఆ స్వేచ్ఛకు ముందుగా ముగింపు పలికే నిర్ణయాలకు సాకులవుతున్నాయి.

వలస, కూలి పని

పాలమూరు, అనంతపురం, కర్నూలు, ప్రకాశం వంటి కరువు ప్రాంతాల నుండి కూలి కుటుంబాలు ఏటా కొన్ని నెలలు నగరాలకు, ఇతర జిల్లాలకు వలస వెళతాయి. ఎదిగిన పిల్లను ఒంటరిగా ఇంట్లోగాని, వృద్ధులైన తాత అమ్మమ్మల వద్దగాని వదిలి వెళ్లడానికి తల్లిదండ్రులు జంకుతారు. పని జరిగే చోటుకు వెంట తీసుకువెళితే బడి పోతుంది, గుడారాలలో రక్షణ ఉండదు. ఈ స్థితిలో పెళ్లి ఒక రక్షణ ఏర్పాటుగా కనిపిస్తుంది. వలస కూలీలను జంటలుగా తీసుకునే పనులలో పెళ్లైన యువకునికి భార్య కూడా ఒక కూలీగా లెక్కకు వస్తుంది.

సంకర జాతి పత్తి విత్తనాల సాగులో పూలకు చేతితో పరాగ సంపర్కం చేసే పనికి కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో చాలాకాలం బాలికలను పెద్ద సంఖ్యలో పెట్టుకునేవారు. బడి మానేసి కూలికి వెళ్లిన బాలికలు చిన్న వయస్సులోనే పెళ్లి పీటలెక్కేవారు. బాలకార్మిక సమస్య, బాల్యవివాహ సమస్య ఇక్కడ ఒకటిగానే ఉన్నాయి. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో బాలలను పని నుండి బడికి మళ్లించిన ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ కృషిలో బాలికల పెళ్లిళ్లను ఆపడం కూడా భాగమైంది. ఈ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

మేనరికం

మేనమామతోగాని, మేనత్త లేక మేనమామ కుమారునితోగాని వివాహం తెలుగువారిలో అనేక కులాలలో ఆమోదయోగ్యం. పిల్ల పుట్టగానే "వీడికే ఇది" అని పెద్దలు అనుకోవడం పరిపాటి. తెలిసిన కుటుంబం, తక్కువ కట్నం, ఆస్తి చేయి దాటిపోదన్న ధీమా ఇందుకు కారణాలు. మేనరికంలో వరుని వెతికే పని లేదు కనుక పెళ్లి వాయిదా వేయడానికి సహజంగా ఉండే అడ్డంకి కూడా ఉండదు. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో జబ్బు చేసి, కన్ను మూయక ముందు పెళ్లి చూడాలని కోరితే మేనరికపు సంబంధం వెంటనే ఖాయమవుతుంది.

పాతబస్తీ పెళ్లిళ్లు

హైదరాబాదు పాతబస్తీలో నిరుపేద ముస్లిం కుటుంబాల బాలికలను గల్ఫ్ దేశాల నుండి వచ్చిన వయసు మళ్లినవారికి దళారుల ద్వారా ఇచ్చి చేసిన వివాహాలు వేరొక కోవకు చెందినవి. 1991లో ఒక వృద్ధుడు పదేళ్ల బాలికను భార్యగా వెంట తీసుకువెళుతుండగా విమాన పరిచారిక గమనించి ఫిర్యాదు చేయడంతో ఈ విషయం దేశవ్యాప్త చర్చకు దారి తీసింది. వీటిని వివాహాలుగా కాక, వివాహం ముసుగులో జరిగే మనుషుల అక్రమ రవాణాగా పరిగణించాలనే వాదం బలంగా ఉంది.

యువతుల సొంత నిర్ణయం

చిన్న వయసు వివాహాలన్నీ తల్లిదండ్రుల బలవంతం వలన జరిగేవి కావు. ఇష్టపడిన యువకునితో ఇల్లు విడిచి వెళ్లి గుడిలో పెళ్లి చేసుకునే పదహారు, పదిహేడేళ్ల బాలికలు ఉన్నారు. వారిలో కొందరు ఇంట్లో కుదిర్చిన మరో సంబంధాన్ని తప్పించుకోవడానికే ఆ పని చేస్తారు. మరికొందరికి తాగుబోతు తండ్రి, ఎడతెగని ఇంటిచాకిరి, కూలి పని, తప్పిన పరీక్ష నుండి బయటపడే మార్గంగా పెళ్లి కనిపిస్తుంది. పెళ్లైన స్త్రీకి సమాజంలో లభించే హోదా, సొంత ఇల్లు, కొత్త బట్టలు, నగలు కూడా ఆకర్షణలే.

అయితే ఈ నిర్ణయాలను పూర్తి స్వేచ్ఛతో చేసినవిగా చెప్పడం కష్టం. పెళ్లి కాకుండా చదువు, ఉద్యోగం, సొంత సంపాదన అనే మరో దారి కళ్లెదుట ఉన్న చోట యువతులు అదే ఎంచుకోవడం అధికంగా కనిపిస్తుంది. ఎంచుకోవడానికి మరేమీ లేని చోట ఉన్న ఒక్క దారిని ఎంచుకోవడమే వారి "ఇష్టం"గా నమోదవుతుంది.

చిన్న కుటుంబం, తొందర పెళ్లి

ప్రపంచంలో చాలా చోట్ల స్త్రీల వివాహ వయస్సు పెరిగిన తరువాతనే కాన్పుల సంఖ్య తగ్గింది. తెలుగు రాష్ట్రాలలో ఈ క్రమం భిన్నంగా ఉంది. 2005–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా యువతులకు 18 ఏళ్ల లోపే పెళ్లిళ్లైనా, సగటున ఒక స్త్రీకి కలిగే సంతానం 1.8 మాత్రమే. 2019–21లో ఇది ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8.

దీనికి కారణం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స. 2019–21 సర్వే ప్రకారం 15–49 ఏళ్ల వివాహితలలో ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం. పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకు ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్ అన్నది లక్షలాది స్త్రీల జీవితక్రమం. కనుక జనాభా తగ్గుదలనుబట్టి పెళ్లి వయస్సు సమస్య కూడా పరిష్కారమైందని భావించడం సరికాదు. చిన్న కుటుంబ లక్ష్యం పెళ్లి వయస్సును కదిలించకుండానే నెరవేరింది.

పరిణామాలు

2019–21 సర్వేలో 15–19 ఏళ్ల వారిలో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భవతులు ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశ సగటు 6.8 శాతం. ఎదుగుదల పూర్తికాని వయస్సులో గర్భధారణ వలన రక్తహీనత, గుర్రపువాతం, కష్టమైన కాన్పు, తక్కువ బరువుతో శిశువులు పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. రెండు రాష్ట్రాలలోనూ సగానికి మించిన స్త్రీలు రక్తహీనతతో బాధపడుతున్నారు.

గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్సలు దేశంలో అత్యధికంగా జరిగిన రాష్ట్రాలు కూడా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. చిన్న వయస్సులో కాన్పులు ముగించుకున్న స్త్రీకి గర్భాశయం "ఇక అవసరం లేని" అవయవమన్న అభిప్రాయం ఇందుకు దోహదం చేసిన కారణాలలో ఒకటి.

ఆరోగ్యం కాక ఇతర నష్టాలు కూడా ఉన్నాయి. చదువు ఆగిపోవడంతో జీతం గల ఉద్యోగాలు దూరమవుతాయి. భర్తకు, అత్తమామలకు ఎదురు చెప్పలేని వయస్సులో కాపురం మొదలవడం వలన గృహహింస జరిగినా భరించడమే మార్గంగా మిగులుతుంది. భర్త మరణించినా, వదిలివేసినా చేతిలో చదువు గాని, పేరున ఆస్తి గాని లేని యువతి మళ్లీ పుట్టింటిపై ఆధారపడవలసి వస్తుంది. ఆమె కుమార్తె పెళ్లి విషయంలో కూడా అవే ఒత్తిళ్లు పునరావృతమవుతాయి.

చట్టం

బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 శారదా చట్టం స్థానంలో 2007 నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఇందులోని ముఖ్యాంశాలు:

* బాల్యవివాహం చేసుకున్న 18 ఏళ్లు దాటిన పురుషునికి, వివాహం జరిపించినవారికి, ప్రోత్సహించిన లేదా అడ్డుకోని పెద్దలకు రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. పెద్దలలో స్త్రీలకు కారాగార శిక్ష ఉండదు.
* మైనరుగా ఉండగా పెళ్లైన వ్యక్తి, యుక్తవయస్సు వచ్చిన రెండేళ్ల లోపు కోర్టును ఆశ్రయించి ఆ వివాహాన్ని రద్దు చేయించుకోవచ్చు.
* అపహరించి, మోసగించి లేదా అమ్మకం కోసం జరిపిన మైనరు వివాహం మొదటి నుండే చెల్లదు. కోర్టు ఉత్తర్వును ధిక్కరించి జరిపిన పెళ్లి కూడా చెల్లదు.
* వివాహం రద్దయినా బాలికకు భరణం, నివాస హక్కు ఉంటాయి. పుట్టిన పిల్లలు చట్టబద్ధమైన సంతానమే.
* రాష్ట్ర ప్రభుత్వాలు బాల్యవివాహ నిషేధ అధికారులను నియమించాలి.

2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు, 15–18 ఏళ్ల భార్యతో భర్త జరిపే లైంగిక చర్య కూడా అత్యాచారమేనని తీర్పు ఇచ్చింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ 18 ఏళ్ల పరిమితినే చేర్చారు. 2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు శిక్షల కంటే నివారణకు ప్రాధాన్యమివ్వాలని మార్గదర్శకాలు జారీ చేసింది. ఈ చట్టానికీ వ్యక్తిగత మత చట్టాలకూ గల సంబంధం గురించిన ప్రశ్నను ఆ తీర్పు తేల్చలేదు.

అమలు

పెళ్లి సమాచారం సాధారణంగా అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయులు, తోటి విద్యార్థినులు లేదా బాలిక ద్వారానే 1098 చైల్డ్‌లైన్‌కు, పోలీసులకు చేరుతుంది. స్త్రీ శిశు సంక్షేమ శాఖ, రెవెన్యూ, పోలీసు సిబ్బంది వెళ్లి పెళ్లి ఆపి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి, 18 ఏళ్లు నిండే వరకు పెళ్లి చేయబోమని హామీ పత్రం రాయించుకుంటారు. వయస్సు నిర్ధారణకు పదవ తరగతి మార్కుల పత్రం, జనన ధ్రువపత్రం ఆధారం. ఆపిన పెళ్లిని కొన్నాళ్ల తరువాత మరో ఊరి గుడిలోనో, బంధువుల ఇంటనో రాత్రివేళ జరిపించడం ఈ విధానంలోని ప్రధాన లోపం. పెళ్లి ఆగిన బాలిక మళ్లీ బడిలోగాని వసతి గృహంలోగాని చేరినప్పుడే ఆ జోక్యానికి ఫలితం నిలుస్తుంది.

ప్రభుత్వ పథకాలు

పెళ్లికి ఆర్థిక సహాయాన్ని వయస్సుతో ముడిపెట్టే పథకాలు రెండు రాష్ట్రాలలోనూ వచ్చాయి. తెలంగాణలో 2014 అక్టోబరు 2న కల్యాణ లక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు 51,000 రూపాయల సహాయంతో ప్రారంభమయ్యాయి. వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలన్నది నిబంధన. ఈ మొత్తాన్ని 2017లో 75,116 రూపాయలకు, 2018లో 1,00,116 రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరు 1న మొదలైన వైఎస్ఆర్ కల్యాణమస్తు, షాదీ తోఫా పథకాలలో వధూవరులిద్దరూ పదవ తరగతి ఉత్తీర్ణులై ఉండాలనే షరతు కూడా విధించారు.

ఇటువంటి పథకాలు పెళ్లిని 18 ఏళ్ల వరకు ఆపడానికి ఉపకరించినా, ఆ వయస్సు నిండగానే పెళ్లి చేయాలన్న ఆలోచనను బలపరుస్తాయనే విమర్శ ఉంది. బాలిక చదువు కొనసాగించే ఏర్పాట్లు దీనికి భిన్నమైన మార్గం. 2004లో కేంద్రం ప్రారంభించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదట ఎనిమిదవ తరగతి వరకే ఉండేవి. 2018 నుండి వాటిని పన్నెండవ తరగతి వరకు విస్తరించడానికి అవకాశం కల్పించారు. తెలంగాణలో 2016లో సాంఘిక సంక్షేమ శాఖ ఆధ్వర్యంలో మహిళల గురుకుల డిగ్రీ కళాశాలలు ప్రారంభమయ్యాయి. వసతితో కూడిన చదువు దూరం, ఖర్చు, వలస, భద్రత అనే నాలుగు కారణాలకు ఒకేసారి సమాధానమిస్తుంది.

చర్చ

స్త్రీల కనీస వివాహ వయస్సును 21కి పెంచే బిల్లును కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టింది. స్థాయీ సంఘానికి పంపబడిన ఈ బిల్లు 2024లో 17వ లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. స్త్రీ పురుషులకు సమాన వయస్సు ఉండాలని, చదువుకు మరి కొన్నేళ్లు దొరుకుతాయని సమర్థకులు వాదించారు. 18 ఏళ్ల పరిమితే సరిగా అమలు కానప్పుడు 21కి పెంచితే పేద కుటుంబాలు నేరస్థుల జాబితాలో చేరతాయే తప్ప పెళ్లిళ్లు ఆగవని, ఇష్టపడి పెళ్లి చేసుకున్న యువతులపై తల్లిదండ్రులు ఈ చట్టాన్ని ప్రయోగిస్తారని వ్యతిరేకులు వాదించారు.

లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం విషయంలో కూడా ఇటువంటి చర్చే ఉంది. ఇల్లు విడిచి వెళ్లిన మైనరు జంటలలో యువకునిపై ఈ చట్టం కింద కేసు నమోదవుతుంది. మైనరు గర్భవతి ఆసుపత్రికి వస్తే వైద్యులు పోలీసులకు తెలియజేయాలన్న నిబంధన వలన కొందరు బాలికలు కాన్పుకు ఆసుపత్రికి రావడానికి వెనుకాడే ప్రమాదం ఉంది. బాలికను రక్షించే చట్టమే ఆమెను వైద్యానికి దూరం చేయకుండా చూడడం ఈ చర్చలోని కీలకాంశం.

ఇవి కూడా చూడండి

* బాల్యవివాహ నిషేధ చట్టం, 2006
* వరకట్నం
* మేనరికం
* కన్యాశుల్కం (నాటకం)
* కందుకూరి వీరేశలింగం
* దుర్గాబాయి దేశ్‌ముఖ్
* యానాం